క్యారీ గ్రాంట్ చేసిన పని ఇవాళ ఎవరు చేయగలరు?

పాతరీలు:
హాలీవుడ్ నటుడు జార్జ్ క్లూనీని "ఈ కాలపు క్యారీ గ్రాంట్" అని, అంటే ఆ పాతకాలపు స్టార్‌కి వారసుడని, పాతికేళ్లుగా అంటూనే ఉన్నారు. సూటు ఒంటికి అతికినట్టు కుదిరి, నవ్వు బాగుంటే చాలు, ఆ బిరుదు తగిలించేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. గ్రాంట్ ఆ సూటులో ఉండగానే నిండు సభలో పరువు పోగొట్టుకోగలడు. ఆ విద్య గురించి ఎవరూ మాట్లాడరు.

1938లో వచ్చిన ‘బ్రింగింగ్ అప్ బేబీ’లో హోటల్ సీను చూడండి. క్యాథరిన్ హెప్‌బర్న్ లాగితే ఇతని కోటు వెనకాల పర్రున చిరుగుతుంది. కాసేపటికి ఇతను పొరపాటున తొక్కితే ఆవిడ గౌను వెనక భాగం మొత్తం ఊడి వస్తుంది. ఆ సంగతి ఆవిడకి తెలీదు, విసవిసా నడుచుకుంటూ పోతోంది. ఇతను నోటితో చెప్పలేక తన టోపీ వెనకాల అడ్డం పెడతాడు. ఆవిడ తిడుతుంది. విషయం అర్థమయ్యాక ఇద్దరూ ఒకరి వెనక ఒకరు అతుక్కుపోయి, ఒకే అడుగు వేస్తూ, జనం మధ్యలోంచి కవాతు చేసుకుంటూ బయటికి వెళ్తారు. మనుషులిద్దరూ తల నుంచి కాలి దాకా కనిపిస్తుంటారు. ఒక్క అడుగు తప్పితే సీను పోయినట్టే.

ఇదేదో ఒక్కరోజులో వచ్చింది కాదు. బ్రిస్టల్‌లో పుట్టి, చిన్నతనంలోనే పిల్లిమొగ్గలు వేసే నాటక బృందంలో చేరి, 1920లో ఆ బృందంతోనే న్యూయార్క్ వచ్చిపడ్డవాడు. ఇవాళ్టి వాళ్లలో ఈ పని చేయగలిగినవాడు ఒక్కడుంటే చూపించండి. అందగాళ్ల లిస్టు మాత్రం వద్దు.

చిక్కడపల్లి:
మళ్లీ షురూ! పాతవన్నీ బంగారం, కొత్తవన్నీ గిల్టు.

అన్నా, జేమ్స్ స్టూవర్ట్‌వి 1939 ఒక్క సంవత్సరంలోనే ఐదు సినిమాలు వచ్చాయి. మనకు గుర్తున్నవి రెండు. ‘ఐస్ ఫాలీస్ ఆఫ్ 1939’ అని జోన్ క్రాఫర్డ్‌తో చేసిన స్కేటింగ్ సినిమా ఈ వేదికలో ఎవరైనా చూశారా? ఎనభై ఏళ్ల జల్లెడలో మిగిలిన నాలుగు గింజలు తెచ్చి, మొన్న శుక్రవారం దిగిన బస్తాతో పోల్చడం ఏం న్యాయం?

నైట్‌షో:
ఒక్కడిని చూపించమన్నారుగా, తీసుకోండి. రయన్ గోస్లింగ్. 2016లో వచ్చిన ‘ద నైస్ గైస్’, టాయిలెట్ సీను. ఇతను ప్యాంటు కిందికి దించుకుని కూర్చుని ఉంటాడు, నోట్లో సిగరెట్. ఎదురుగా రసెల్ క్రో. తుపాకీ గురిపెట్టి బెదిరించాలి, కానీ తలుపు దానంతటదే మూసుకుపోతూ ఉంటుంది. కాలితో తన్ని తెరుస్తాడు, అది మళ్లీ వస్తుంది. ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో వారపత్రిక లాంటిది అడ్డం పెట్టుకుని మానం కాపాడుకోవాలి. మీ హోటల్ సీనుకి ఇది ఏ రకంగా తక్కువో చెప్పండి.

ఇక క్లూనీ సంగతి. ‘ఓషన్స్’ సినిమాలు చూసి ఆయన్ని తూచకండి. ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’లో జైలు నుంచి పారిపోయిన ఖైదీ, వెనకాల పోలీసులు, అయినా ధ్యాసంతా జుట్టుకు రాసుకునే క్రీము డబ్బా మీదే. తలకు వల వేసుకుని పడుకుంటాడు. అందగాడు తన అందాన్నే ఎగతాళి చేసుకోవడం అంటే అదే కదా?

పాతరీలు:
గోస్లింగ్ సీను నాకూ ఇష్టమే, కాదనను. ‘ఓ బ్రదర్’ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఆ సన్నమీసం చూశారా? అది గ్రాంట్ కాదు, నిలువునా క్లార్క్ గేబుల్.

నా బాధ ఇంకోటి. గోస్లింగ్‌కి అలాంటి సీను మళ్లీ ఎన్నేళ్లకు దొరికింది? గ్రాంట్ 1937 నుంచి 1940 దాకా వరసగా ‘ద ఆఫుల్ ట్రూత్’, ‘బ్రింగింగ్ అప్ బేబీ’, ‘హాలిడే’, ‘గంగా దీన్’, ‘ఓన్లీ ఏంజెల్స్ హ్యావ్ వింగ్స్’, ‘హిస్ గర్ల్ ఫ్రైడే’, ‘ద ఫిలడెల్ఫియా స్టోరీ’ చేశాడు. ఇవి కూడా అన్నీ కాదు. నాలుగేళ్లలో అంత సాధన చేస్తే చేయి తిరగదా? డికాప్రియో 2015లో ‘ద రెవెనెంట్’ చేసి, మళ్లీ 2019 దాకా తెర మీద వేషం కట్టలేదు. చలిలో వణికి, పచ్చి మాంసం తిని ఆస్కార్ తెచ్చుకున్నాడు, సంతోషం. తేలిగ్గా నటించడం మాత్రం అలా కష్టపడితే రాదు, రోజూ చేస్తూ ఉంటే వస్తుంది.

నైట్‌షో:
మీరు మొదట చెప్పిన ‘బ్రింగింగ్ అప్ బేబీ’ విడుదలైనప్పుడు ఫ్లాప్ అండీ. ఆర్కేఓ కంపెనీకి డబ్బు పోయింది, దర్శకుడు హావర్డ్ హాక్స్‌ని తర్వాతి సినిమా నుంచి తప్పించారు. అదే ఏడాది థియేటర్ ఓనర్లు హెప్‌బర్న్‌కి "బాక్సాఫీసు విషం" అని పేరు పెట్టి పత్రికలో ప్రకటన వేశారు. ఆవిడ తన కాంట్రాక్టు తనే డబ్బు కట్టి వదిలించుకుని వెళ్లిపోయింది. అంటే ఆ కాలం జనం కూడా ఈ విద్యకు పెద్దగా చప్పట్లు కొట్టలేదు!

డాలస్‌బాబాయ్:
ఇద్దరూ నటుల గురించే మాట్లాడుతున్నారు, వాళ్లకు జీతాలిచ్చిన కంపెనీల సంగతి వదిలేశారు. హంఫ్రీ బోగార్ట్‌వి 1939లో ఏడు సినిమాలు వచ్చాయి. ఆయనకేమైనా తీరికలేనంత సరదానా? వార్నర్ వాళ్లు చేయమన్నారు, చేశాడు. ఎక్కువగా చివర్లో తూటా తిని చచ్చే గూండా వేషాలే. ‘ద మాల్టీస్ ఫాల్కన్’ 1941లో, ‘కాసబ్లాంకా’ 1942లో. అప్పటికి మనిషికి నలభై దాటాయి.

అప్పట్లో ఏడేళ్ల కాంట్రాక్టు ఉండేది. కంపెనీ ఇచ్చిన వేషం వద్దంటే జీతం ఆపి సస్పెండ్ చేసేవారు. అసలు దారుణం ఏంటంటే, ఆ సస్పెన్షన్ కాలాన్ని ఏడేళ్ల చివర మళ్లీ కలిపేవారు. అంటే ఎదురు తిరిగిన కొద్దీ సంకెల పొడుగవుతుంది. బెట్టీ డేవిస్ 1936లో ఇంగ్లండ్ వెళ్లి వేరే సినిమా చేయబోతే వార్నర్ వాళ్లు అక్కడి కోర్టుకి లాగారు, ఆవిడ ఓడిపోయింది. తర్వాత అదే కంపెనీ మీద ఒలీవియా డి హావిలాండ్ కేసు వేసి 1944 డిసెంబరులో గెలిచింది. ఏడేళ్లంటే క్యాలెండర్ ప్రకారం ఏడేళ్లే అని తీర్పు. దాన్ని ఇప్పటికీ కాలిఫోర్నియాలో ఆవిడ పేరుతోనే పిలుస్తారు. ఇప్పటి నటుడు జారెడ్ లెటో బ్యాండుకి మ్యూజిక్ కంపెనీతో గొడవ వచ్చినప్పుడు వాళ్లు ఎత్తుకున్నదీ ఈ వాదనే. గెలిచిన ఆవిడకి తర్వాత రెండు ఆస్కార్లు, 1946, 1949 సినిమాలకి.

ఒక్కోసారి ఆ బానిసత్వమే కలిసొచ్చేది, అదో విచిత్రం. ఎంజీఎం వాళ్లు గేబుల్‌ని చిన్న కంపెనీ కొలంబియాకి అరువిచ్చారు. అలా చేసిన ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ ఆయనకి ఆస్కార్ తెచ్చిపెట్టింది.

1950లో ఆట మారింది. స్టూవర్ట్ ‘వించెస్టర్ 73’కి రొక్కం బదులు లాభాల్లో వాటా అడిగాడు, ఏజెంట్ లూ వాసర్‌మన్ సలహా. సినిమా ఆడింది, బాగా గిట్టింది. అప్పట్నుంచి స్టార్ అనేవాడు ఉద్యోగి కాదు, భాగస్వామి. భాగస్వామి ఏడాదికి ఐదు సినిమాలు ఎందుకు చేస్తాడు చెప్పండి!

గోదారిగట్టు:
బాబాయ్ గారూ, నెలజీతాల మాట చదివి నవ్వుకున్నాను. మన విజయా వారి దగ్గరా అదే పద్ధతి ఉండేది. ‘పాతాళభైరవి’ నాటికి రామారావు గారు ఆ సంస్థలో జీతం మీద కాంట్రాక్టులో ఉన్నవారే.

మా ఇంట్లో హాలీవుడ్ అంటే గ్రెగరీ పెక్. మా వారు ‘మెకన్నాస్ గోల్డ్’ ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. అది చూసిన కళ్లతోనే కృష్ణ గారి ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసి ఈలలు వేసిన తరం మాది. పెక్ మాట్లాడితే నాబోటి తెలుగు మీడియం దానికి కూడా ఒక్కో మాటా విడివిడిగా వినిపించేది. ఇప్పుడు మా అబ్బాయి పెట్టే ఇంగ్లీషు సినిమాల్లో అందరూ నోట్లో నోట్లో గొణుక్కుంటారు. సబ్‌టైటిల్స్ లేకపోతే కథేంటో తెలీదు. అది కూడా నటన అంటే నాకు ఎక్కదు, ఏమీ అనుకోకండి.

ఫ్రేముకు24:
అమ్మా, గొణుగుడు ఇప్పటిది కాదు. 1951లో ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’లో మార్లన్ బ్రాండో వచ్చినప్పటి నుంచే ఈ ఫిర్యాదు ఉంది. అంతకుముందు వాళ్ల గొంతులు స్టేజీ మీద వెనక వరసకి వినపడేలా తయారైనవి. పైగా స్టూడియోలో ఉచ్చారణ నేర్పేవాళ్లు ఉండేవారు. గ్రాంట్ మాట తీరు చూడండి, అటు ఇంగ్లండ్ కాదు, ఇటు అమెరికా కాదు.

నేను ఎడిటింగ్ టేబుల్ దగ్గర బతుకుతున్నవాణ్ని. నాకు కనిపించే తేడా వేరు. ‘ఫిలడెల్ఫియా స్టోరీ’లో స్టూవర్ట్ తాగి అర్ధరాత్రి గ్రాంట్ ఇంటికి వస్తాడు. మాటల మధ్య స్టూవర్ట్‌కి ఎక్కిళ్లు. అది స్క్రిప్టులో లేదు, ఆయన అప్పటికప్పుడు వేసింది. గ్రాంట్ ఒక్క క్షణం తెల్లబోయి, తల పక్కకి తిప్పి, ఎక్కిళ్లు తనకే వచ్చినట్టు సారీ చెబుతాడు. పెదవి చివర నవ్వు ఆపుకోవడం స్పష్టంగా తెలుస్తుంది. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్నారు, కట్ లేదు. అందుకే అది దొరికింది.

ఇవాళ అదే సీను నా దగ్గరికి వస్తే స్టూవర్ట్ క్లోజప్ వేరు, గ్రాంట్ క్లోజప్ వేరు, భుజం మీదుగా తీసినవి ఇంకో రెండు. ఎక్కిళ్లు ఒక టేకులోవి, నవ్వు ఇంకో టేకులోది తీసుకుని నేను అతికిస్తాను. ప్రేక్షకుడికి తేడా తెలీదు, నాకు తెలుసు. ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియక బిక్కుబిక్కుమంటూ కాచుకుని ఉండే ఆ చూపు మాత్రం అతికిస్తే రాదు. కొన్నిసార్లు ఆ ఎదుటివాడు షూటింగ్‌లోనే ఉండడు. పచ్చ తెర ముందు కర్రకి కట్టిన టెన్నిస్ బంతి ఉంటుంది, దాన్ని చూసి ఏడవాలి. ఇప్పటి కుర్రాళ్లని ఎవరైనా తిడితే నాకు కోపం వచ్చేది అందుకే.

ఇంకోటి కూడా చెప్పాలి. హిచ్‌కాక్ ‘నొటోరియస్’లో గ్రాంట్, ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ ముద్దు. సెన్సారు వాళ్లు మూడు సెకన్లకు మించి ఒప్పుకోరు. దాంతో ముద్దుకీ ముద్దుకీ మధ్య రాత్రి భోజనం మాటలు, నడక, ఫోను పెట్టి రెండున్నర నిమిషాల పాటు ఒకరినొకరు వదలకుండా లాగించేశారు. కట్టడి ఉంది కాబట్టి తెలివి పుట్టింది. ఇప్పుడు ఆ కట్టడి లేదు, ఆ సీను కూడా లేదు.

ఇంటర్వెల్:
అందరి పోస్టులూ చదివాను. అసలు పోటీలోకి ఎవరిని రానిచ్చారు అన్నది ఎవరూ అడగలేదు.

‘గాన్ విత్ ద విండ్’కి హ్యాటీ మెక్‌డానియల్ ఆస్కార్ గెలిచింది. ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి నటి. 1940లో ఆ వేడుక జరిగిన లాస్ ఏంజిలస్ హోటల్లో నల్లవాళ్లకు ప్రవేశం లేదు. నిర్మాత అడిగితే లోపలికి రానిచ్చారు గానీ, సహ నటులతో కాకుండా గోడ పక్కన విడిగా ఒక చిన్న టేబుల్ వేశారు. అంతకుముందు అట్లాంటాలో ప్రీమియర్‌కి అయితే వెళ్లనే లేకపోయింది.

‘ద గుడ్ ఎర్త్’ చైనా రైతుల కథ. హాలీవుడ్‌లో అప్పటికే పేరున్న చైనా సంతతి నటి అన్నా మే వాంగ్ ఉంది. నాయిక వేషం మాత్రం లూయీ రైనర్‌కి, ముఖానికి మేకప్ వేసి. ఆవిడకి ఆస్కార్ కూడా వచ్చింది. మన బొంబాయిలో పుట్టిన మెర్ల్ ఒబెరాన్ అయితే 1935 సినిమాకి ఉత్తమ నటి నామినేషన్ దాకా వెళ్లింది, కానీ చనిపోయేదాకా తను టాస్మానియాలో పుట్టానని చెప్పుకుంటూనే బతికింది. రీటా హేవర్త్ అసలు పేరు మార్గరీటా కాన్సినో. స్పానిష్ మూలం కనపడకూడదని పేరు మార్చారు, నుదుటి మీద వెంట్రుకలు కరెంటుతో కాల్చి తీయించారు.

డెన్జెల్ వాషింగ్టన్ 1939లో ఉండుంటే ఏ వేషం ఇచ్చేవారు? ట్రే పట్టుకుని నిలబడే వేషమే కదా. మిషెల్ యో కి 2023లో ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది, ఆ విభాగంలో ఆసియా సంతతికి చెందిన నటి అని బయటికి చెప్పుకుని గెలిచిన మొదటి మనిషి. ఇవాళ పోటీకి వచ్చేవాళ్లు ఎక్కువ. అప్పుడు సగం మందిని గేటు దగ్గరే ఆపేసి, లోపల ఉన్నవాళ్లలో ఫస్ట్ వచ్చినవాణ్ని "మహానుభావుడు" అంటున్నాం.

పాతరీలు:
ఇంటర్వెల్ గారూ, మీరు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను. కానీ గేటు దగ్గర అన్యాయం జరిగిందని లోపల ఆడినవాడి ఆట తక్కువైపోదు కదా. రెండూ నిజాలే.

చిక్కడపల్లి:
సరే, అడిగింది ఒంటితో చేసే పని గురించి కాబట్టి టామ్ క్రూజ్ పేరు ఎవరూ ఎందుకు ఎత్తట్లేదు? 2011లో వచ్చిన ‘మిషన్ ఇంపాజిబుల్’ సినిమా కోసం బుర్జ్ ఖలీఫా ఎక్కాడు. అదే వరసలోని ‘ఫాలౌట్’ షూటింగ్‌లో లండన్‌లో మేడ మీంచి మేడ మీదికి దూకి చీలమండ విరగ్గొట్టుకున్నాడు, అదే షాటు సినిమాలో ఉంచారు. కుంటుకుంటూ పరిగెత్తడం కూడా కనపడుతుంది.

ఫ్రేముకు24:
క్రూజ్‌ని పోల్చాల్సింది గ్రాంట్‌తో కాదు, బస్టర్ కీటన్‌తో. 1928లో ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో ఇంటి ముందు గోడ మొత్తం కీటన్ మీద పడుతుంది. సరిగ్గా కిటికీ సందు ఉన్నచోట నిలబడి ఉంటాడు కాబట్టి బతుకుతాడు. నిజం గోడే. నిలబడే చోటు కొంచెం అటూఇటూ అయితే అంతే సంగతులు. క్రూజ్‌కి తాళ్లు ఉంటాయి, వాటిని కంప్యూటర్‌లో చెరిపేస్తారు. ధైర్యం ఇద్దరిదీ ఒకటే. క్రూజ్ దూకాక మనం "అమ్మో" అంటాం, కీటన్ గోడ పడ్డాక నవ్వుతాం. ఆ నవ్వు తెప్పించడమే కష్టం.

డాలస్‌బాబాయ్:
సూపర్‌హీరో సినిమాల గురించి ఒక్క మాట. బ్యాట్‌మ్యాన్ వేషం మైఖేల్ కీటన్, వాల్ కిల్మర్, క్లూనీ, క్రిస్టియన్ బేల్, బెన్ ఎఫ్లెక్, రాబర్ట్ పాటిన్సన్ వేశారు. మనిషి మారినా ముసుగు మారదు, జనం ముసుగు కోసమే వస్తారు. గ్రాంట్ కాలంలో టికెట్ కొన్నది మనిషి కోసం.

నైట్‌షో:
బాబాయ్, అంత తేల్చేయకండి. 1939, 40, 41 మూడేళ్లూ థియేటర్ల సర్వేలో నంబర్ వన్ ఎవరు? గ్రాంట్ కాదు, బోగార్ట్ కాదు, గేబుల్ కూడా కాదు. మిక్కీ రూనీ! ఆండీ హార్డీ అనే కుర్రాడి వేషం పదహారు సినిమాల్లో వేశాడు. బేసిల్ రాత్‌బోన్ షెర్లాక్ హోమ్స్‌గా పద్నాలుగు, జానీ వైస్‌ముల్లర్ టార్జాన్‌గా పన్నెండు. సీక్వెల్ జబ్బు అప్పుడూ ఉంది. రాబర్ట్ డౌనీ 2008 నుంచి 2019 దాకా ఐరన్ మ్యాన్ అనే ఒకే వేషం వేసినా, ఆ మాటల వేగం, ఆ వెటకారం ముసుగుకి ఉన్నవా, మనిషికి ఉన్నవా?

ఇంటర్వెల్:
నా ఓటు ఎవరికో చెప్పనా? గ్రాంట్ వారసుణ్ని మగవాళ్లలోనే ఎందుకు వెతుకుతున్నారు? ఎమ్మా స్టోన్ ఉంది. ‘పూర్ థింగ్స్’లో రెస్టారెంట్ డాన్సు చూడండి. సంగీతం వినగానే ఆవిడ ఒళ్లు ఆవిడ మాట వినదు, చేతులు ఒక దారి, కాళ్లు ఒక దారి. మార్క్ రఫలో పరువు కాపాడుకోవడానికి తనూ దూకి, అదేదో డాన్సే అన్నట్టు కవర్ చేయబోయి మరీ నవ్వులపాలవుతాడు. ఒంటితో నవ్వించడం, అందాన్ని లెక్కచేయకపోవడం, మొహంలో మాత్రం పూర్తి సీరియస్. పాతరీలు గారు అడిగిన మూడూ ఉన్నాయి.

పాతరీలు:
ఇది మాత్రం గట్టి దెబ్బ. ఎమ్మా స్టోన్‌ని నేను బార్బరా స్టాన్‌విక్ పక్కన పెడతాను, ‘ద లేడీ ఈవ్’లో స్టాన్‌విక్ పక్కన. దొంగతనం, చిలిపితనం, కోపం ఒకే వాక్యంలో పలికించగల మనిషి ఆవిడ. ఎమ్మాకి అలాంటి మాటలు రాసిచ్చేవాడు దొరికితే ఇంకా ఎంత దూరం వెళ్తుందో. అసలు లోటు రచయితలదేమో అని ఈ మధ్య అనిపిస్తోంది.

గోదారిగట్టు:
ఇంత చెప్పారు కదా, నేను ఏది ముందు చూడాలో ఒక్కటి చెప్పండి నాయనా. ఫోన్‌లో దొరికేది చెప్పండి.

ఫ్రేముకు24:
‘హిస్ గర్ల్ ఫ్రైడే’ చూడండమ్మా. అమెరికాలో దాని కాపీరైట్ ఎప్పుడో పోయింది, యూట్యూబ్‌లో ఉచితంగా ఉంటుంది. ప్రింటు మంచిది చూసుకోండి, సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి. ఇది గొణుగుడు కాదు గానీ, ఒకరి మాట పూర్తి కాకుండానే ఇంకొకరు అందుకుంటారు. మూల నాటకంలో ఆ విలేకరి మగవాడు, హాక్స్ ఆ వేషాన్ని ఆడమనిషిగా మార్చాడు.

రోజలిండ్ రసెల్ సంగతి కూడా విని చూడండి. మంచి మాటలన్నీ గ్రాంట్‌కే పడ్డాయని ఆవిడకి అనిపించింది. ఎవరికీ చెప్పకుండా, సొంత డబ్బులతో ఒక యాడ్ రైటర్‌ని పెట్టుకుని డైలాగులు రాయించుకుని సెట్‌కి తెచ్చేది. హాక్స్ నటుల్ని సొంతంగా మాట్లాడనిచ్చేవాడు కాబట్టి సాగిపోయింది. గ్రాంట్‌కి కొన్నాళ్లకే అనుమానం వచ్చింది. ఆపమనలేదు. పొద్దున్నే "ఇవాళేం తెచ్చావ్?" అని పలకరించేవాడట.

చిక్కడపల్లి:
ఇది మస్తుంది. మన దగ్గర హీరోయిన్ సొంత రైటర్‌తో సెట్‌కి వస్తే హీరో అలా పలకరిస్తాడా, మేనేజర్‌తో నిర్మాతకు ఫోన్ చేయిస్తాడా?